ఇంగువమ్మ చంపిన మా అత్త

పుస్తకం చివరి అధ్యాయంలో మా అత్త చచ్చిపోయింది. ఆ అధ్యాయాన్ని నేను పైకి చదువుతుంటే ఆమె నా ఎదురుగా మంచం మీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. కంటి ఆపరేషన్ అయిన కొత్త కాబట్టి కళ్లకు శ్రమ పెట్టొద్దని డాక్టరు చెప్పి పంపాడు. అందువల్ల చదివే పని నాది, వినే పని ఆమెది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నీళ్ల కోసం దిగుడుబావిలోకి దిగిన పిల్ల మళ్లీ పైకి రాలేదన్న చోట నేను ఆగాను. ఆమె ఆగలేదు. తుంచిన కాయను గిన్నెలో వేసి, "కానీరా శేషూ, ఆపినావేమి? నేను సచ్చినంక ఏం జరిగిందో ఇనల్ల గదా" అంది. తర్వాతి వాక్యం చదివాను. ఆ సమయంలో పిల్ల తల్లి వసారా నీడలో హాయిగా నిద్రపోతోందని ఉంది అందులో. అప్పుడు ఆమె చేతులు ఆగాయి. మళ్లీ చదవమంది. చదివాను. ఎవరు నిద్రపోతున్నారని అడిగింది. పిల్ల తల్లి అన్నాను. "అంటే మా అమ్మ" అంది. గిన్నె పక్కకు జరిపి, చీర మీద పడిన నారలు దులుపుకొని, "ఇంక చాలప్పా" అని లోపలికి వెళ్లిపోయింది. నన్ను ఆమె 'అప్పా' అన్నదంటే నా మీద కూడా కోపం వచ్చిందనే అర్థం.

ఈ పుస్తకం నా చేతికి రావడానికి కారణం నా పాత ఉద్యోగం. కర్నూలులో ఒక దినపత్రికకు జిల్లా వార్తలు రాసీ, ఇతరులు రాసినవి దిద్దీ రిటైరయ్యాను. హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే సంస్థ ఒకటి, నార్వే దేశపు రచయిత్రి పుస్తకాన్ని ఇంగ్లీషు మీదుగా తెలుగు చేయించింది. కథ పత్తికొండలో జరుగుతుంది. ఆ దేశంలో ఇప్పటికీ బడిపిల్లలు చదువుకుని ఏడుస్తారట. హైదరాబాదు సంస్థ ఎడిటరు కీర్తన అనే అమ్మాయి, మీరు ఆ ప్రాంతం వారు కదా సార్, స్థానిక పదాలు ఒకసారి సరిచూడండి అని ప్రింటు కాయితాలు పంపింది. సరిచూద్దామంటే స్థానిక పదం ఒక్కటి ఉంటే కదా. మేకపిల్ల దగ్గర్నుంచి ముసలమ్మ దాకా అందరూ రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నారు. ముసలమ్మ గడపలో నిలబడి 'ఎక్కడికి వెళ్తున్నావమ్మా?' అని అడుగుతుంది. బయటికి అడుగు పెట్టిన మనిషిని ఎక్కడికని అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అడిగితే పని చెడుతుందని మా నాయనమ్మ నమ్మకం. ఆమెను మేము జేజి అనేవాళ్లం. అడిగినవాళ్లను ఆమె వదిలేది కాదు. ఆ ముసలమ్మ ఎవరో నాకు రెండో పేజీలోనే తెలిసిపోయింది. ముక్కుపొడి, ముడి వేసిన తెల్లజుట్టు, ఎడమ చెయ్యి నడుం మీద. మా జేజి. ఆమె కూతురు, పుస్తకంలో 'సులో' అనే పిల్ల, మా నాయన కడగొట్టు చెల్లెలు సులోచన. ఆ రచయిత్రి మా మిద్దె మీద అద్దెకున్న ఇంగువమ్మ.

ఆమె పేరు ఇంగున్. మాది పత్తికొండ బజారులో చిల్లర అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. మా ఇంట్లో ఆ పేరు ఇంకే రూపం తీసుకుంటుంది? మొదటి రోజే జేజి, ఇంత దూరం నుంచి వచ్చిన మనిషికి మన అంగడి సరుకు పేరు పెట్టి పంపినారు చూడు అని మురిసిపోయింది. ఆ పైన ఊరంతటికీ ఆమె ఇంగువమ్మే. ఆమె భర్త బోర్లు వేసే యంత్రంతో వచ్చాడు. వరసగా వానలు మొహం చాటేసిన రోజులవి. ఏ దేశం వాళ్లయినా సరే, భూమిలోకి బొక్క పెట్టి నీళ్లు చూపిస్తామంటే మా ఊరు దండలు వేసి తెచ్చుకునేది. ఆయన పొద్దున జీపెక్కి పోతే దీపాలు పెట్టే వేళకు ఒళ్లంతా సున్నపురాయి దుమ్ముతో వచ్చేవాడు. ఆమె మాత్రం మిద్దె మీద భర్త చొక్కా ఒకటి తొడుక్కుని, టైపు మిషను ముందు కూర్చునేది. ఆ టకటక మాకు పొద్దుటి గడియారం. అది మొదలయ్యాక జేజి జొన్నరొట్టెలు తట్టడం మొదలయ్యేది, రెండు చప్పుళ్లూ ఒకదానితో ఒకటి పోటీ పడేవి. కింద అంగడిలోంచి ధనియాలు, బెల్లం, కిరసనాయిలు, గోనెసంచుల వాసన పైకి పోతుండేది. ఆమె రాసిన కాయితాలకు కూడా ఆ వాసన పట్టి ఉంటుందని నాకిప్పుడు అనిపిస్తుంది.

గుడ్డు గురించి మాత్రం పెద్ద గొడవ జరిగింది. మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. ఇంగువమ్మకు పొద్దున గుడ్డు లేకపోతే కథ నడవదు. చివరికి జేజి ఒక తీర్పు చెప్పింది. మిద్దె మీద ఏం తిన్నా ఆకాశం కింద తిన్నట్టే, దానికీ ఇంటికీ సంబంధం లేదు, పెంకులు మాత్రం మెట్ల మీదుగా కిందికి రాకూడదు. పెంకుల్ని ఏం చేసేదో తెలియదు గానీ ఇంగువమ్మ ఆ ఒప్పందం ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె పుస్తకంలో ఈ గుడ్ల గొడవ ఉంది, చక్కగా ఉంది, నవ్వు వస్తుంది. నా విసుగంతా అందుకే. ఏమీ చూడని మనిషి తప్పు రాస్తే తోసిపారేయొచ్చు. ఈమె అన్నీ చూసింది. జేజి ముక్కుపొడి డబ్బీ మూతకు సొట్ట ఏ పక్కనుందో కూడా రాసింది.

ఆమె రాసే పద్ధతి వింత. ముందు బొమ్మ గీసేది, తర్వాత ఆ బొమ్మ తెచ్చి మా ముందు పెట్టి, వచ్చిన నాలుగు తెలుగు ముక్కలతో, చేతులతో కథ చెప్పేది. మేము విసుక్కుంటే తెలిసిపోయేది, పైకి పోయి ఆ కాయితం చించేసేది. మంచు గురించి చెబితే మేమెవరం నమ్మలేదు. ఆకాశం నుంచి తెల్లగా ఊరికే పడుతుందా, పడినదాన్ని తొక్కుకుంటూ పోతారా, దాన్ని కరిగిస్తే నీళ్లా, అయితే మీ ఊళ్లో నీళ్లు తొక్కుతారా అని అత్త నిలదీసింది. ఒకసారి సముద్రం మధ్య దీపస్తంభంలో ఒంటరిగా ఉండే కోడి కథ తెచ్చింది. మేము నోరు తెరుచుకుని విన్నాం. అంతా అయ్యాక అత్త, "శానా బాగుండాది గానీ, ఆ కోడి నీళ్లు యాడ తాగుతాది?" అని అడిగింది. ఇంగువమ్మకు మాట అర్థమైంది, బొమ్మ తీసుకుని పైకి పోయింది. సముద్రం నీళ్లు ఉప్పు అని ఆమే కదా చెప్పింది. ఆ తర్వాత కొన్నాళ్లు టైపు మిషను చప్పుడు ఆగి ఆగి వినిపించేది. ఆమె పేరు తెచ్చుకున్న మొదటి పుస్తకం అదేనని, అందులో కోడి మంచినీళ్ల కోసం చేసే ప్రయాణమే కథంతా అని కీర్తన చెప్పింది. అప్పటికి అత్త అయిదో తరగతి. నాకంటే నాలుగేళ్లే పెద్దదైనా నా మీద పెత్తనం చేసేది, అత్తా అని పిలిస్తే పళ్లు నూరేది.

ఇప్పుడు బావి సంగతి చెప్పాలి, ఎందుకంటే తగువంతా అక్కడుంది. మా వీధి చివర దిగుడుబావి ఉండేది. ఎండాకాలంలో అడుగున రాతి సందుల్లోంచి ఊట సన్నగా వచ్చేది. పొద్దున ఆడవాళ్లంతా ఎగబడి తోడేస్తే మిగిలేది బురదే. మధ్యాహ్నం ఊరు మొత్తం నిద్రపోయే వేళ, ఎవరూ కదిలించరు కాబట్టి, ఆ గుంటలో నీళ్లు తేటగా ఊరేవి. ఆ సంగతి కనిపెట్టి, ఊరు పడుకున్నప్పుడు మేలుకుని ఉండటం మా జేజి జీవిత విధానం. పగటి నిద్ర అనే మాట వింటేనే ఆమె మొహం చిట్లించేది. అంగడిలో నాయన గోడకు ఆనుకుని ఒక కునుకు తీస్తే, లోపలి నుంచి ఇత్తడి చెంబు కావాలని కింద పడేది. ఎండకు తల మీద తడిగుడ్డ వేసుకుని, అత్తను వెంటబెట్టుకుని బావికి పోయేది. మెట్లు నున్నగా అరిగి ఉంటాయి, లోపల చీకటి, పెద్దవాళ్ల మోకాళ్లకు పని కాదు. అత్త గిన్నె తీసుకుని దిగి, నీళ్లు కలకబారకుండా ముంచి కడవలో పోయాలి. జేజి పైన గట్టు మీద కూర్చుని కథ చెప్పేది. పిల్లలకు కథంటే ఇష్టమని కాదు. కథ వినేవాళ్లు ఊ కొట్టాలి కదా. లోపలి నుంచి ఊ వినిపిస్తున్నంత సేపు పిల్ల బాగానే ఉన్నట్టు. ఊ ఆలస్యమైతే జేజి రాజకుమారుడిని అడవిలోనే వదిలిపెట్టి, అత్తను తిట్టడం మొదలుపెట్టేది. తిట్టుకు జవాబు వచ్చాకే రాజకుమారుడు కదిలేవాడు.

ఇంగువమ్మ రోజూ ఆ గట్టు మీదే కూర్చునేది, జేజి పక్కన, తాటాకు టోపీ పెట్టుకుని. ఎండ దెబ్బ తగులుతుందని చెప్పినా వినేది కాదు. బావిలోంచి ఊ రాగానే ఆమె కూడా ఊ అనేది. పుస్తకంలో అది కూడా ఉంది. పైనుంచి కథ, కింది నుంచి ఊ, మధ్యలో అరిగిన మెట్లు, అన్నీ ఉన్నాయి. అంతా రాసి, చివరికి వచ్చేసరికి అదే గట్టు ఖాళీగా ఉందని, తల్లి ఇంటి దగ్గర నిద్రపోతోందని రాసింది. నేనూ జీవితమంతా వార్తలు దిద్దినవాడినే. పదో పేజీలో ఉన్న మనిషి నూరో పేజీలో ఇలా ఎలా మారిందని మార్జిన్లో ప్రశ్నార్థకం పెట్టాను, అంతకంటే ఏం చేయాలో తోచలేదు.

అత్త చావు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చివరి అధ్యాయమే చెబుతుంది. అది చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. దానికి ముందు జరిగింది ఇది. మా ఊళ్లో ఆడపిల్లలకు చదువు అయిదుతో సరి. అత్తను ఆపొద్దని, హైస్కూలుకు పంపమని ఇంగువమ్మ నాయన వెంటపడింది. పెద్ద మాటలకు దుబాసీ కావాలి. బోర్ల జీపులో రావుగారని కృష్ణా జిల్లా వైపు మనిషి ఒకడు తిరిగేవాడు, ఆయన ద్వారా మాట్లాడేది. రావుగారికి మా మాటంటే చులకన. మేము 'పోతాండాము' అంటే, పోవడమేమిటండీ శుభమా అని వాళ్ల దొరసానికి వినపడకుండా నవ్వేవాడు. మా నాయన ఒకసారి, మీవైపు ఎవరూ యాడికీ పోరేమప్పా, అందరూ వెళ్తారంట గదా అని అంటించాడు. ఈలోగా బోర్ల పని ముగిసి, దొరా ఇంగువమ్మా వేరే జిల్లాకు మారిపోయారు. ఆ ఎండాకాలం దాటాక నాయన మెత్తబడి అత్తను కర్నూలులో మా బంధువుల ఇంట్లో పెట్టి హైస్కూల్లో చేర్చాడు. ఎదిగే పిల్లను, అదీ తండ్రి లేని పిల్లను, ఊరుగాని ఊరికి చదువుకు పంపారంటే మా బజారు ఊరుకోదు. అందుకని జేజి ఎవరడిగినా 'పోయినాది' అనే ఒక్క మాట అనేది. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. అడగకూడదని అందరికీ తెలుసు కూడా.

కొన్ని నెలలకు ఇంగువమ్మ వచ్చింది. వాళ్లు దేశం వదిలి పోతున్నారు, గుత్తిలో రైలందుకోవాలి, దారిలో చెప్పిపోదామని దిగింది. ఆ రోజు నాకు గుర్తే. మా అమ్మా జేజీ రోట్లో ఏడాది కారం దంచుతున్నారు. ఇంట్లో ఉన్నవాళ్లకూ, వీధిన పోయేవాళ్లకూ కూడా కళ్ల వెంట నీళ్లే. జీపు ఆగగానే బజారు మొత్తం గుమిగూడింది. ఇంగువమ్మ 'సులో యాడ?' అని అడిగింది, మాకు బాగా నవ్వొచ్చింది, అచ్చం మాలాగే అడిగింది కాబట్టి. జేజి గడపలోకి వచ్చింది. ఎర్రబడిన కళ్లు కొంగుతో తుడుచుకుంటూ, చుట్టూ ఉన్న జనాన్ని ఒకసారి చూసి, "పోయినాది తల్లీ. ఇల్లంతా బోసిగా ఉండాది" అంది. అని ఇంగువమ్మ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నువ్వు చెప్పినట్టే చేశాం, ఇప్పుడు నోరెత్తొద్దు అని ఆ నొక్కుడికి అర్థం. ఇంగువమ్మ రావుగారి వైపు తిరిగింది. ఆయన ఏదో చెప్పాడు. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుని గడప మీదే కూలబడి ఏడ్చింది. జేజి ఆమెను ఓదార్చింది, మా అమ్మ నీళ్లిచ్చింది, బజారులో ఆడవాళ్లు కూడా ముక్కులు చీదారు. తెల్లవాళ్లకు ఇంత ప్రేమా అని ఊరు చాలాకాలం చెప్పుకుంది. తర్వాత ఎప్పుడో మంచుకొండ బొమ్మ ఉన్న కార్డు ఒకటి వచ్చింది. వెనక మాకు తెలియని భాషలో రెండు వరసలు. నాయన దాన్ని అంగడిలో దేవుడి పటాల పక్కన పెట్టి రోజూ సాంబ్రాణి చూపించేవాడు. అందులో రాసింది అత్త చావుకు సంతాపమని ఇప్పుడు అనుకుంటున్నాను.

పుస్తకంలో ఆమె రాసింది చదివితే గుండె మండుతుంది. ముసలమ్మ అన్న మాట తనకు తెలిసిన మాటేనని, ఆ ఇంట్లో రోజూ విన్న మాటేనని, పిల్ల ఎక్కడికో పోయిందనే తాను ముందు అనుకున్నానని రాసింది. దుబాసీ మాత్రం తల అడ్డంగా ఊపి, మీరు పొరబడ్డారు, చనిపోతే వీళ్లు అలాగే అంటారని మెల్లగా చెప్పాడట. అంటే ఆమెకు సరిగ్గానే అర్థమైంది. వాళ్ల దేశం నుంచి వచ్చి, మా మిద్దె మీద కూర్చుని, ఆమె మా మాట నేర్చుకుంది. తెలుగువాడై పుట్టిన రావుగారు ఆ మాటను దిద్దాడు. మా వైపు పోవడమంటే వెళ్లడం. చస్తే చచ్చిపోయిందనో కాలం చేసిందనో అంటాం, దాచుకోవడానికేముంది. నా ఉద్యోగం పొడుగునా నేను 'పోయినారు' అని రాస్తే హెడ్డాఫీసు వాళ్లు 'వెళ్లారు' అని దిద్దేవారు. అప్పుడు చిరాకు పడి ఊరుకున్నాను. ఆ దిద్దుడు ఒక మనిషిని చంపేదాకా పోతుందని ఎవరనుకుంటారు?

అత్త సెలవులకు వచ్చినప్పుడు జేజి చెప్పింది, నువ్వు లేవని ఇంగువమ్మ ఎంత ఏడ్చిందనుకున్నావ్ అని. ఆ మాట అత్తకు జన్మంతా తోడుంది. ఆమె టీచరై, పత్తికొండలోనూ నందికొట్కూరులోనూ పనిచేసి రిటైరైంది. చదువు మానేస్తామన్న ఆడపిల్లలకు, నా కోసం ఏడ్చిన ఒక దొరసాని ఉండిందే, ఆమె చెప్పబట్టే నేనింత దూరం వచ్చినా అని చెప్పేది. పేరు పొందిన రచయిత్రి అని తెలియకుండానే చెప్పేది. మిగతా పేజీలు కూడా చదివి వినిపించాక, రెండు రోజులు పోతే గానీ ఆమె నాతో ఈ సంగతి మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, విసుగే ఉంది. "బతికుండంగనే నాకోసం అంత ఏడ్చిండాది, దానికేం చేస్తాం. ఏడ్చినాది ఏడ్చినాది, మా అమ్మ మీద యాల రాసిండాది అట్ల?" అంది.

దానికి నాకు తోచిన జవాబు ఒకటుంది. అత్తకు చెప్పాను గానీ ఆమె ఒప్పుకోలేదు. జేజి గట్టు మీద మేలుకుని ఉంటే పిల్ల చావదని ఇంగువమ్మకు తెలుసు, అందరికంటే ఎక్కువ తెలుసు. పిల్ల చచ్చిందని రావుగారు చెప్పాడు. ఎలా చచ్చిందో ఎవరూ చెప్పలేదు. రాయడానికి కూర్చుంటే పిల్ల చావాలంటే ఊ ఆగాలి, ఊ ఆగినా ఎవరూ గమనించకుండా ఉండాలి. జేజిని నిద్రపుచ్చడం తప్ప ఆమెకు దారి దొరకలేదు. ఇదంతా విని అత్త, "అంటే ఆయమ్మకు దారి లేకుంటే మా అమ్మ పండుకోవల్లనా?" అని లేచిపోయింది. ఆమె ఉపాధ్యాయురాలిగా ఎవరికీ మార్కులు ఊరికే వేసిన మనిషి కాదు.

కీర్తనకు ఫోన్ చేసి సులో బతికే ఉందని చెప్పాను. మొదట నమ్మలేదు, తర్వాత ఎగిరి గంతేసింది, ఆపైన భయపడింది. మంచి పిల్లే. నేను చెప్పినవన్నీ రాసుకుంది. అయినా ప్రతి మాటకూ, "అది కథ కదా సార్" అనేది. మా పత్రికలో బతికున్న మనిషి ఫొటో పొరపాటున శ్రద్ధాంజలిలో పడితే మర్నాడు అదే పేజీలో, అదే సైజులో సవరణ వేసేవాళ్లం, ఇంటికి పోయి కాళ్లు పట్టుకున్నంత పని చేసేవాళ్లం అన్నాను. "పుస్తకాల్లో సవరణ వేయరు సార్" అంది. ఆమె తప్పు కాదు. ఇంగువమ్మ ఈ మధ్యనే చనిపోయింది, నిజంగానే చనిపోయింది, హక్కులు కూతురివి. వాళ్లు మా ఇంట్లో ఉన్నప్పటికి ఆ కూతురు పుట్టలేదు. తల్లి రాతలో అక్షరం కదిలించకూడదని ఒప్పందం.

కీర్తన వాళ్లు కూతురికి రాశారు. జవాబు మర్యాదగా వచ్చింది. అమ్మ బల్ల మీద ఆ పిల్ల ఫొటో చివరిదాకా ఉండేదని, అమ్మ ఆ పిల్లను తలుచుకోని ఏడాది లేదని రాసింది. ఇప్పుడు మాట్లాడుతున్న ఆవిడ బహుశా ఆ పిల్ల అక్కో చెల్లెలో అయి ఉంటుందని, కుటుంబాల్లో ఇలా జ్ఞాపకాలు కలిసిపోవడం సహజమని కూడా రాసింది. కావాలంటే పుస్తకం వెనక, సులో తోబుట్టువు ఒకరు కర్నూలులో ఉన్నారని ఒక వాక్యం వేయొచ్చంది. నేను అత్తకు దాన్ని తెలుగులో చదివి వినిపించాను, దాచి ప్రయోజనం లేదని. "ఏటేటా ట్రెజరీకి పోయి బతికుండానని సంతకం పెడతాండా. గవర్నమెంటు నమ్మి పింఛనిస్తాండాది. ఈయమ్మకేం పుట్టింది?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వలేదు.

అప్పట్లో ఒక మనిషి మమ్మల్ని చూడాలంటే ఓడెక్కి, రైలెక్కి, జీపెక్కి వచ్చి, ఏడాదిపాటు మా ఎండలో మాడాల్సి వచ్చేది. ఇంగువమ్మ చూసింది చూసినట్టు రాసింది, ఒక్క మాట దగ్గర తప్ప. ఇప్పుడు కీర్తన మా ఊరి ఫొటోలు, టమాటా మార్కెట్టు, పాత బజారు వీధి, అన్నీ ఫోన్లో చూసి నాకే పంపింది. దిగుడుబావి పూడ్చి దాని మీద వాటర్ క్యాన్లు అమ్మే షెడ్డు వేశారని నాకు తెలిసింది ఆమె పంపిన ఫొటోలోనే. కర్నూలుకు రమ్మన్నాను, అత్త ఎదుట కూర్చుని అడగాల్సినవన్నీ అడగమన్నాను. పని ఒత్తిడి సార్, వీడియోలో మాట్లాడదాం అంది. అత్త కంటికి ఫోన్ వెలుగు పడదు. మిద్దె మీద గుడ్డు తిన్న మనిషితో మేము తగువు పడగలిగాం, ఒప్పందానికి కూడా వచ్చాం. కనపడని మనుషులతో ఎలా తగువు పడాలో నాకు తెలియడం లేదు. అత్త పాత విద్యార్థిని ఒకామె పత్తికొండలోనే హెడ్‌మిస్ట్రెస్. ఊరి పేరు ఉన్న పుస్తకం కదా అని అచ్చు కాకముందే బడి లైబ్రరీకి చెప్పి పెట్టింది. ఆ పిల్లల్లో సగం మందికి ఇంట్లో పెద్దల నోట విని మా జేజి పేరు తెలుసు. ఇంటికి పోయి, ఆయమ్మ పండుకుండిందంట, పాప సచ్చిపోయిందంట అని చెబుతారు. కాలం చేసేదాకా ఊళ్లో మాట పడకుండా బతికిన మనిషి, ఇప్పుడు పడుతుంది.

పోయిన వారం అత్త నన్ను పిలిచి, కాయితం పెన్ను తీసుకోమంది. కీర్తనకు, ఆమె ద్వారా నార్వేకు, తన మాటగా రాయమంది. కళ్లు సరిగ్గా ఉంటే తానే రాసేదాన్నని, నేను పత్రికల భాషలో నానబెట్టకుండా రాయాలని ముందే చెప్పింది. "నన్ను బతికించద్దులే. వాళ్లమ్మ అంత ఏడ్చినాది, ఆ ఏడుపు ఊరికే అయిపోయినాదని ఆ పాపకు ఎందుకు చెప్పల్ల? నేను బాయిలోనే ఉంటా. మా అమ్మను మాత్రం లేపమను. ఒక్క వాక్యం. గట్టు మీద కూచోని పిలుస్తా ఉండిందని రాయమను. మెట్టు జారినాదనో, రాయి ఊడినాదనో వాళ్లిష్టం. నేను ఎట్ల సచ్చినా సరే."

ఇప్పుడే చచ్చినట్టు ఒప్పుకుంటే ఇక ఎప్పటికీ సులో నువ్వేనని ఎవరూ నమ్మరు, ఆలోచించుకో అన్నాను. నీ పని నువ్వు చూసుకో అంది. రాసి చదివి వినిపించాను. 'దయచేసి' అనే మాట నేను చేర్చింది, కొట్టేయమంది. కొట్టేసి పంపాను.

అది అందినట్టు, నార్వేకు పంపినట్టు కీర్తన చెప్పింది. చివరి ఫారం, అంటే ఆ అధ్యాయం ఉన్న ఆఖరి పదహారు పేజీలు, తప్ప పుస్తకం మొత్తం అచ్చయిందట. ఆ ఫారాలన్నీ మడిచి, కుట్టకుండా, హైదరాబాదులో ప్రెస్సు వాళ్ల గోడౌన్లో కట్టలు కట్టి పెట్టారు. ఎక్కువ రోజులు ఉంచుకోలేమని ప్రెస్సు వాళ్లు అంటున్నారు. కూతురి దగ్గర్నుంచి ఇంతవరకు జవాబు రాలేదు.